శంకు నత్త మీది నేత

బాపు నాతో జీవితంలో ఒక్కటే అబద్ధం ఆడాడు, అదీ ఒక సముద్రపు నత్త గురించి. సముద్రం ఎట్లా ఉంటుందో ఆయన చూడలేదు, ఆయన కూతురినైన నేనూ చూడలేదు. అయినా పోయినేడు మార్చి నుంచి జూన్‌లో మిరుగు కార్తె వానల దాకా మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలంటే ఆ నత్త దగ్గరే మొదలుపెట్టాలి.

నాది కోపిష్టి నోరు. ముందే చెప్తున్నాను, తర్వాత తిట్టుకోకండి. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. పిల్లలు నా వెనక ఏం పేరు పెట్టారో నాకు తెలుసు, దాన్ని ఇక్కడ రాయను. ఆ మార్చిలో కాలేజీకి తనిఖీ వస్తున్నదని కబురొచ్చింది. ల్యాబు బీరువా తెరిస్తే చెదలు. పెట్టెలోని శంఖాలనూ చిప్పలనూ ఏమీ అనకుండా, వాటి మీది కాగితపు చీటీలను మాత్రం శుభ్రంగా తినిపోయాయి. స్టాకు రిజిస్టరులో పదహారు పేర్లున్నాయి, పెట్టెలో పదహారు చిప్పలున్నాయి. ఏ పేరు దేనిదో చెప్పేవాళ్ళు లేరు. ప్రిన్సిపాల్ నావైపు చూసి, "మీరే ఏదన్న జెయ్యాలె మేడం," అన్నాడు. కాలేజీలో నాకు జీతం ఇచ్చేది పాఠాలకు కాదు, ఈ మాట వినడానికి అనిపిస్తుంది నాకు.

పెట్టెను బస్సులో ఒళ్ళో పెట్టుకుని మా ఊరు గర్శకుర్తికి తెచ్చాను.

మా ఇంటికి ఎదురుగానే రాజయ్య సాంచల షెడ్డు. సాంచ అంటే మా దగ్గర మరమగ్గం. పొద్దంతా దాని చప్పుడే. ఇంట్లో మేం మాట్లాడుకోవాలన్నా అరవాల్సిందే, నా గొంతు పెద్దది కావడానికి అదొక కారణం. నలభై ఏళ్ళు మా బాపు గట్టయ్య ఆ షెడ్డులోనే నేశాడు. గట్టయ్య నేసిన గుడ్డను మడత విప్పి చూడక్కర్లేదని ఊళ్ళో అనుకునేవాళ్ళు. ఆ మార్చిలో మాత్రం ఆయన వాకిట్లో మంచం మీద, షెడ్డుకు వీపు పెట్టి కూర్చుని ఉండేవాడు.

ఎందుకంటే, ఫిబ్రవరి చివర బాపు నేసిన ఒక తాను పాడైపోయింది. నలభై మీటర్ల గుడ్డ. పొడుగునా వేలెడు సందు, అక్కడ దారాలే లేవు. "బీములనే దారాల్లెవ్వు. హనుమండ్లు సక్కగ సుట్టలే," అన్నాడు బాపు. పడుగు దారాలన్నీ వరసగా చుట్టి సాంచకు ఎక్కించే పెద్ద ఉండను బీము అంటారు. దాన్ని చుట్టేది హనుమండ్లు. బాపుతో పాటు బడి ఎగ్గొట్టినవాడు, బాపు పెండ్లిలో తోడుపెండ్లికొడుకు పక్కన కూర్చుని లడ్డూలన్నీ తిన్నవాడు. నన్ను భుజం మీద ఎక్కించుకుని తిప్పినవాడు.

"నేను సుట్టిన బీముల ఒక్క దారం తక్వ ఉండది. నీ సాంచల తెగింది, నువ్వు అతకలే," అన్నాడు హనుమండ్లు.

షెడ్డు నడుమ పదిమంది ముందు ఇద్దరు ముసలివాళ్ళు అరుచుకున్నారు. షెడ్డు ఆసామి రాజయ్య ఇద్దరి మాటలూ విని, తానును మొదలు దాకా విప్పకుండానే బాపు మాట నమ్మాడు. గట్టయ్య నోట తప్పుడు మాట వస్తుందని ఎవరూ అనుకోరు మరి. హనుమండ్లు ఆ షెడ్డుకు బీములు చుట్టడం పోయింది. ఊరికి అవతలి పక్కన ఇంకో ఆసామి దగ్గర చేరాడు. మా గడప తొక్కడం మానేశాడు. పాడైన తాను మా ఇంటికొచ్చింది, అవ్వ, అంటే మా అమ్మ, దాన్ని కోసి కిటికీలకు పరదాలు కుట్టింది.

గెలిచింది బాపే. గెలిచిన మనిషి నెల తిరక్కుండానే పని మానేసి ఇంట్లో ఎందుకు కూర్చున్నాడో నాకు అర్థం కాలేదు. నడుము నొప్పేమో అనుకున్నాను. దవాఖానకు పోదామంటే అటు తిరిగి పడుకున్నాడు. నేను అరిచాను, అవ్వ మీద కూడా అరిచాను. అంతకంటే ఎక్కువ నేనేం చేయలేదు, ఆ సంగతి ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

రెండు రోజుల్లో పద్నాలుగు చిప్పలకు పేర్లు దొరికాయి. గవ్వకు పుస్తకం ఎందుకు, ముత్యపు చిప్పకు ఎందుకు. చివరికి రెండు మిగిలాయి. రెండూ శంకు నత్తల చిప్పలే. రెండూ వేలంత పొడుగు, ఒక కొన సన్నం, ఒక కొన వెడల్పు. గోధుమరంగు నేల మీద తెల్లని ముక్కోణాలు, చిన్నవీ పెద్దవీ, ఒకదాన్నొకటి ఆనుకుని. రిజిస్టరులోనూ రెండే పేర్లు మిగిలాయి. ఒకటి కోనస్ టెక్స్‌టైల్, రెండోది కోనస్ పెన్నేసియస్. నత్తకు గుడ్డ పేరు పెట్టినవాడెవడో గాని, మా వాడకట్టువాడే అయ్యుంటాడని నవ్వుకున్నాను.

పుస్తకం ఏమంటుందంటే, తెల్ల ముక్కోణాల నడుమ ఉన్న గోధుమరంగు మచ్చల్లోకి చూడమంటుంది. సన్నని గీతలు చిప్ప పొడుగునా నడిస్తే అది టెక్స్‌టైల్. చిప్ప చుట్టూ అడ్డంగా చుక్కల వరసలుగా నడిస్తే పెన్నేసియస్. నేను నిలువుకూ అడ్డానికీ నడుమ కాసేపు తికమక పడ్డాను, మెలి తిరిగిన వస్తువు కదా. అప్పుడు తట్టింది. నిలువుగా నడిచేది పడుగు, అడ్డంగా నడిచేది పేక. ఈ ముక్క చెప్పడానికి పుస్తకం ఎందుకు, ఇంట్లో నేతగాడుండగా?

నిజం చెప్పాలంటే నాకు ఆ జవాబు కంటే బాపుతో నాలుగు మాటలు కావాలి. అప్పటికి మూడు రోజులుగా ఆయన "ఊ" తప్ప వేరే మాట అనలేదు.

"బాపూ, నాకొక సాయం జెయ్యి," అని రెండు చిప్పలూ ఆయన చేతిలో పెట్టాను. "గిండ్ల గీతలున్నయి. పడుగు గీతలున్నదేదో, పేక గీతలున్నదేదో చెప్పు. నాకు సమజైతలేదు."

బాపు మొహంలో ఏదో కదిలింది. నేను సంతోషం అనుకున్నాను. ఒక చిప్పను ఎత్తి వెలుగు వైపు పట్టుకున్నాడు. బొటనవేలి గోరుతో దాని మీద మెల్లగా గీశాడు. బట్టను చూసేటప్పుడు కూడా ఆయనకు అదే అలవాటు, గోరుతో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి గీసి తల ఊపేవాడు. చిప్పను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"గింత నున్నగున్నదేంది," అన్నాడు.

"గాజు లెక్కనే ఉంటది బాపూ. సూసి చెప్పు."

ఇంకాసేపు పట్టుకుని, కుడిచేతి దాన్ని నా వైపు చాపాడు. "గిది పడుగు. అది పేక."

మాట ఒక్క క్షణం కూడా తడబడలేదు. నేను చీటీల మీద పేర్లు రాసి అక్కడికక్కడే అంటించాను. బాపు ఆ పూట ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాడు. తింటూ, "గీ పురుగు ఏం తింటది బిడ్డా?" అని అడిగాడు. చేపల్నీ తోటి నత్తల్నీ తినే శంకు నత్తలుంటాయని, నోట్లోంచి సూదిలాంటి పన్ను విసిరి విషం ఎక్కిస్తాయని, బతికున్నదాన్ని చేత్తో పడితే మనిషికీ ప్రమాదమేనని చెప్పాను.

అవ్వ బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి లేచింది. "గసుంటిదాన్ని పప్పు గిన్నె పక్కకు వెట్టినవా?"

"ఎప్పుడో సచ్చింది అవ్వా. ఉత్త చిప్ప."

"సచ్చినా దాని గుణం వోతదా," అని రెండు చిప్పల మీదా ఇత్తడి గిన్నె బోర్లించి, దాని మీద రోకలిబండ పెట్టింది. బాపు నవ్వాడు. నెల రోజుల్లో మొదటి నవ్వు అది. నేను ఆ రోజు పండగ చేసుకున్నంత సంబరపడ్డాను.

నాలుగు రోజుల తర్వాత, తనిఖీకి ముందు ఎందుకైనా మంచిదని, చిప్పల ఫొటోలు తీసి ఓంప్రకాశ్ సార్‌కు పంపాను. నాకు డిగ్రీలో చెప్పిన సారు, చిప్పలంటే ప్రాణం పెడతాడు. పది నిమిషాల్లో ఫోను మోగింది.

"అన్నీ కరెక్టే మమతా. శంకు నత్తలవి మాత్రం రెండు చీటీలు తారుమారైనయి."

"గట్లెట్లయితది సార్? మా బాపు చూసి చెప్పిండు. నలభై ఏండ్ల నేతగాడు."

"ఎండలకు పట్టుకపోయి నువ్వు సూడమ్మా ఒకసారి."

నాకు కోపమొచ్చింది. గిన్నె తీసి, చిప్పలు రెండూ పట్టుకుని వాకిట్లోకి పోయాను. పొద్దున పది గంటల ఎండ. భూతద్దం కూడా తీసుకుపోయాను గాని దాని అవసరం రాలేదు. ఒకదాని మీద గీతలు నిలువునా, వంకర్లు పోతూ, దువ్వెనతో దువ్వినట్టు. రెండోదాని మీద అడ్డంగా చుక్కల వరసలు. గుమ్మంలో నిలబడి చీరలో పోయిన ఒక్క దారాన్ని పట్టుకునే మనిషి మా బాపు. అరచేతిలో ఉన్నదాన్ని పట్టుకోలేకపోయాడా?

ఆ ఎండలో అట్లాగే నిలబడిపోయాను. గోరు గుర్తొచ్చింది. గుడ్డ మీద దారం పోతే గోరుకు తగులుతుంది. చిప్ప మీది నేత గోరుకు తగలదు, అది పూర్తిగా నునుపు. బాపు గుడ్డను చూడటం ఎన్నడో మానేశాడు. ముట్టుకుని చెప్తున్నాడు. చిప్ప దగ్గరికొచ్చేసరికి వేళ్ళు చేతులెత్తేశాయి, ఆయన ఏదో ఒకటి అనేశాడు.

తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గ్లాసు ఇస్తే ముందు నా మణికట్టు పట్టుకుంటాడు. చెప్పుల కోసం కాలితో వెతుకుతాడు. బస్సు వస్తే నంబరు నన్నే అడుగుతాడు. నేనేమో "ఆ మాత్రం చదవరాదా" అని కసిరాను, ఒకసారి కాదు. నా మీద నాకు అసహ్యమేసింది.

లోపలికి పోయి అవ్వ పక్కన కూర్చున్నాను. "అవ్వా, బాపుకు కండ్లు కనవడ్తలెవ్వే."

అవ్వ ఆకు కత్తిరిస్తున్నది. కత్తెర ఆగలేదు. "నాకెర్కనే."

"ఎప్పటి సంది?"

"రెండేండ్లయితుండొచ్చు. అన్నంల రాళ్ళు నేనే ఏరివెడ్త. చెప్పులు ఒక్కతాన్నే వెడ్త. మంచం జరుపను." కత్తిరించిన ఆకును కట్టలో పెట్టింది. "ఆయన చెప్పకపాయె. చెప్పంది నేనెట్ల అడుగుదు? ఎర్కైతె సాంచ ఎవలిస్తరు? సాంచ లేకుంటె ఆయన ఏమైతడు?"

నాకు అరవాలనిపించలేదు, ఏడవాలనిపించింది. ఏడ్చాను కూడా. అవ్వ ఒక చేత్తో నా వీపు నిమురుతూ ఇంకో చేత్తో ఆకులు సర్దుకుంది.

సాయంత్రం బాపు మంచం దగ్గరికి పోయాను. ఎట్లా మొదలుపెట్టాలో బస్సులో పాఠం తయారుచేసుకున్నట్టు తయారుచేసుకున్నాను. చివరికి నోటికొచ్చింది ఇదే.

"బాపూ, చీటీలు తప్పు అంటుకున్నయి. నేనే తారుమారు జేసిన్నేమో. మల్లోసారి సూస్తవా?"

చిప్పలు ఆయన చేతిలో పెట్టాను. బాపు వాటిని పట్టుకుని కూర్చున్నాడు. ఈసారి గోరుతో గీయలేదు. ఎదురుగా సాంచలు నడుస్తూనే ఉన్నాయి.

"నువ్వు జెయ్యలే బిడ్డా," అన్నాడు. "నాకే కనవడలే."

నేను ఆయన చేతిలోంచి చిప్పలు తీసుకున్నాను.

"ముందుగాల దీపం సుట్టు రంగులు కనవడ్డయి. తర్వాత పొగ. ఇప్పుడు నీ మొకం గూడ పొగనే. గొంతు వట్టి నువ్వంటున్న. నువ్వడిగినప్పుడు కనవడ్తలేదంటె నువ్వు పరేషానైతవని ఏదో ఒకటి అన్న. అబద్దమే," అన్నాడు.

"దవాఖానకు పోదాం బాపూ."

"మా బాపు గట్లనే పోయి ఒక కన్ను పోగొట్టుకున్నడు. గిప్పుడు గింతన్న వెలుగున్నది. అది గూడ పోతె?"

అదీ ఆయన భయం. ఇంకోసారైతే కాలం మారిందని, చదువుకున్న దాన్ని నా మాట వినమని దులిపేసేదాన్ని. ఆ సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, "నాకూ భయమైతున్నది బాపూ," అన్నాను. అది నిజం. బాపు నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "ఏ నాడు పోదాం?" అన్నాడు.

హనుమండ్లు మాట కూడా అప్పుడే ఎత్తాను. చెయ్యి వదిలేశాడు. "అది వేరే. అది బీముదే. సందు మొత్తం నా వేలికి తాకింది. దారాల్లెవ్వు." ఆ మాట మీద మాత్రం ఆయన కదల్లేదు.

కరీంనగర్‌లో డాక్టరమ్మ చూసి, రెండు కళ్ళల్లోనూ పొర ముదిరిందని, ఇంకా ఆలస్యం చేస్తే కష్టమయ్యేదని చెప్పింది. మే రెండో వారంలో కుడికన్నుకు ఆపరేషన్ చేశారు. మర్నాడు పట్టీ విప్పారు. బాపు ముందు గోడను చూశాడు, తర్వాత డాక్టరమ్మను, తర్వాత నన్ను.

"నీకు తెల్లెంటికలొచ్చినయేందే," అన్నాడు.

దవాఖాన అని కూడా చూడకుండా నేను పెద్దగా నవ్వాను. పక్క మంచం వాళ్ళు తిరిగి చూశారు.

తనిఖీ ఎప్పుడో అయిపోయింది. వచ్చినవాళ్ళు చిప్పల వైపు కూడా చూడలేదు, చాయ్ తాగి సంతకాలు పెట్టి పోయారు. చెదల బీరువాలో వదలబుద్ధి కాక, వేసవి సెలవులకు పెట్టెను మళ్ళీ ఇంటికే తెచ్చుకున్నాను. జూన్ మొదట్లో ఒక పొద్దున బాపే అడిగాడు. "గా నత్తలను దే బిడ్డా. నేను జెప్పిన తప్పేందో సూడాలె."

నల్లద్దాలు తీసి, వాకిట్లో నిలబడి చూశాడు. ఒక్క చూపుకే, "గిది పడుగు, గిది పేక. గుడ్డోడన్న జెప్తడు," అన్నాడు. అని తనే నవ్వాడు. కాని చిప్పను తిరిగి ఇవ్వలేదు. పడుగు గీతలదాన్ని కంటికి దగ్గరగా పట్టుకుని మెల్లగా తిప్పసాగాడు.

"గీ పురుగు గుడ్డ నేసినట్టె నేసుకుంటదా?"

"అవును బాపూ. మూతి అంచుకు జరంత జరంత చేర్చుకుంట పోతది. ఎనకదాన్ని మల్ల ముట్టది."

"అనుకున్న. గిక్కడి దాక సక్కగున్నది సూడు. గీడ తెగింది." వేలు పెట్టి చూపించాడు. నిలువునా ఒక సన్నని మచ్చ ఉంది, వెంట్రుకంత. దాని తర్వాత గీతలు కాస్త పక్కకు జరిగి నడిచాయి. రెండు నెలలు నా దగ్గరున్న చిప్ప, నేనెన్నడూ దాన్ని గమనించలేదు.

"ఎండ్రికాయ కొరికుంటది," అన్నాను. "పెంకు పగిలితె అతుక్కుంటది."

"అతుక్కున్నది, మల్ల నేసింది," అన్నాడు బాపు. చాలాసేపు ఆ మచ్చనే చూశాడు. "తప్పు ఏడ మొదలైందో గాడ సూడాలె ముందుగాల."

ఆ మాట ఆయన నాతో అనలేదు. తల తిప్పి కిటికీ పరదా వైపు చూశాడు. లేచి దాన్ని వెలుగులో పట్టుకున్నాడు. దారాల్లేని సందు పైనుంచి కింది దాకా ఉంది. ఇంకో పరదా చూశాడు, అట్లాగే ఉంది.

"ఏమే, గీ తాను మొదలు ఏడున్నది?" అని అవ్వను అడిగాడు. బీములోనే దారాలు లేకపోతే సందు తాను మొదటి మూర నుంచే ఉండాలి. అది నాకు తర్వాత అర్థమైంది, అవ్వకు మాత్రం ఫిబ్రవరిలోనే తెలుసు.

అవ్వ లోపలికి పోయి సందుగ పెట్టె తెరిచింది. అడుగు నుంచి మడత పెట్టిన మూడు మూరల గుడ్డ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

బాపు విప్పాడు. మొదటి మూరలో అన్ని దారాలూ ఉన్నాయి. రెండో మూరలో ఉన్నాయి. ఆ తర్వాత ఒక దారం తెగి, దాని కొస గుడ్డలోనే చిక్కుకుని కనిపించింది. పక్కనే ఇంకోటి, అట్లా వరసగా వేలెడు మేర. అక్కణ్ణుంచి సందు.

"దాసిపెట్టినవా?" అన్నాడు.

"నీ మాట అబద్దమైతదని," అంది అవ్వ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "హనుమండ్లు అటుకెల్లి పోతుంటె నేను తలుపు ఏసుకుంటుంటి. ఆయన మొకం సూడ మనసు రాకపోయేది."

బాపు గుడ్డను మళ్ళీ అవే మడతల్లో పెట్టి, చంకలో పెట్టుకుని, చెప్పులు వేసుకున్నాడు. కంట్లో మందు వేసే వేళైంది, అందుకని నేనూ సీసా పట్టుకుని వెంట పోయాను. అప్పుడే మిరుగు చినుకులు మొదలయ్యాయి.

ఊరికి అవతలి పక్క షెడ్డులో హనుమండ్లు ఒక్కడే ఉన్నాడు, చుట్టే మిషన్ ముందు బల్ల మీద కూర్చుని దారాలు ముడేస్తున్నాడు. మమ్మల్ని చూశాడు. మళ్ళీ దారాల్లోకి తల వంచాడు.

బాపు గుడ్డను ఆయన ఒళ్ళో పెట్టాడు. "మొదలు సూడు."

హనుమండ్లు విప్పాడు. వేలితో మొదటి మూర, రెండో మూర దాటి, సందు మొదలైన చోట ఆగాడు. తెగిన కొసను గోటితో పైకి లేపి చూశాడు. వాన రేకుల మీద పడుతున్నది.

"నా సాంచలనే తెగింది," అన్నాడు బాపు. "నాకు కనవడలే. నీ బీముల తప్పులేదు. రాజయ్యకు గూడ పోయి చెప్త, పదిమంది ముందటనే చెప్త."

హనుమండ్లు గుడ్డను మడిచాడు. మూలలు సరిగ్గా కలవకపోతే విప్పి మళ్ళీ మడిచాడు. "మూడు నెలలాయె గట్టయ్యా," అన్నాడు. "తొవ్వల ఎదురువడ్డా నా మొకం సూడకపోతివి గదరా."

"నీదొక్కదేనా? రెండేండ్ల సంది ఎవల మొకం సూడలే నేను."

హనుమండ్లు తలెత్తాడు. బాపు నల్లద్దాలు తీశాడు. తీయవద్దని అరవబోయి నోరు మూసుకున్నాను. ఆయన వంగి, చిప్పను చూసినట్టే, హనుమండ్లు మొహాన్ని దగ్గరగా చూశాడు. నుదురు, చెంపలు, ఊడిన పళ్ళు, అన్నీ చూశాడు.

"అరె హనుమండ్లూ," అన్నాడు. "గింత ముసలోనివి ఎప్పుడైనవు రా?"

హనుమండ్లు నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు, కళ్ళు తుడుచుకున్నాడు. బల్ల మీద పక్కకు జరిగాడు.

"కూసో," అన్నాడు. "కూసోని గా దారం కొస అందుకో."

బాపు కూర్చుని చెయ్యి చాచాడు. వెంట్రుకంత సన్నని తెల్లదారం, తెల్లదారాల నడుమ. మొదటిసారికే అందుకున్నాడు.